పాత కారులో స్టీరింగు బరువు: కారణములు, నివారణోపాయములు

అంబాసిడరు, ఫియట్ 1100 వంటి పాతకార్లు నేటికిని కొన్ని ఇండ్లలో ప్రీతితో కాపాడబడుచున్నవి. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. బొంబాయి కుర్లాలో ఫియట్ 1100గా మొదలై, 1974 నుండి ప్రీమియర్ పద్మిని యను పేర ప్రసిద్ధి నొందిన కారు తయారీ అంతకు పూర్వమే ముగిసినది. ఈ కార్లను గూర్చి తరచుగా వినవచ్చు ఫిర్యాదు, స్టీరింగు మిక్కిలి బరువుగా నున్నదనుట. దానికి తరచుగా దొరకు సమాధానము, పాతబండి గనుక అట్లే యుండుననుట. ఈ సమాధానములో సగము మాత్రమే సత్యము. తక్కిన సగము తెలియకపోవుట ప్రమాదహేతువు.

ముందుగా సత్యమైన సగమును చూతము. చోదకుని చేతికి యంత్రసాయము నిచ్చు పవర్ స్టీరింగు, విక్రయమునకు వచ్చిన కార్లలో మొదటిసారి 1951లో అమెరికా దేశపు క్రైస్లర్ ఇంపీరియల్ కారున అమర్చబడినది. మన పాతకార్లు అట్టి సాయము లేకయే నిర్మింపబడినవి. వేయి కిలోగ్రాములకు పైబడిన బండి ముందుచక్రములను చోదకుడు తన భుజబలముతోనే త్రిప్పవలసి యుండెను. కావున నిర్మాతలు మూడు ఉపాయములు పన్నిరి. స్టీరింగు చక్రమును పెద్దదిగా చేసిరి. చేతిచక్రము ఎక్కువ తిరిగినచో బండిచక్రము కొంచెము తిరుగునట్లు పండ్ల అమరికను కూర్చిరి. టైర్లను సన్ననివిగా నుంచిరి.

మొదటి ఉపాయమును మన యిండ్లలోని తిరుగలి చక్కగా బోధించును. తిరుగలి పిడి నడిమి కీలుకు ఎంత దూరముగా నుండిన విసరుట అంత తేలిక. స్టీరింగు విషయమును అంతియే. అందము కొరకు 16 అంగుళముల చక్రమును తీసివేసి 14 అంగుళముల చక్రమును బిగించినచో, అదే పనికి సుమారు 14 శాతము అధికబలము కావలెను. కొన్ని కార్ల స్టీరింగు బరువునకు ఇట్టి అలంకారమే మూలము!

ఇక సహజమైన బరువును, వ్యాధి వలన కలిగిన బరువును వేరుగా గుర్తింపవలెను. బండి నిలిచియున్నపుడు స్టీరింగు బరువుగా నుండుట సహజము. బండి కదలగనే అది తేలికపడవలెను. కదలిన పిదపను బరువు తగ్గకున్నను, మలుపు తిరిగిన తరువాత చక్రము తనంతట తాను నడిమికి రాకున్నను, లోపల ఎచ్చటనో ఒరపిడి యధికమైనదని తెలియవలెను. ఈ రెండవ లక్షణము భయంకరమైనది. మలుపు దాటిన బండిని చోదకుడు బలవంతముగా త్రిప్పి సరిచేయవలసి వచ్చును. ఆ యాలస్యములో ఎదుటినుండి వాహనము వచ్చినచో ప్రాణాపాయము. స్టీరింగు హఠాత్తుగా బిగిసినను, ఒక్క చోటనే పట్టివేసినను, ఆ బండిని మరమ్మతు కాకుండ నడుపనే కూడదు.

పరీక్షను సులభమైన దానితో మొదలిడవలెను. అన్నిటికంటె సులభమైనది టైరులోని గాలి. గాలి తగ్గిన సైకిలు హ్యాండిలు త్రిప్పుట ఎంత కష్టమో విద్యార్థు లెరుగుదురు. దీనిని లెక్కగట్టి చూడుడు. ఒక ముందుచక్రముపై 300 కిలోగ్రాముల బరువు పడుచున్న దనుకొనుడు. టైరులో చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాముల పీడనము, అనగా సుమారు 28 పౌండ్ల గాలి, ఉన్నచో ఆ బరువును మోయుటకు సుమారు 150 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలను తాకవలెను. పీడనము 1.5కు తగ్గినచో 200 చదరపు సెంటీమీటర్లు తాకవలెను. టైరు గోడల బిగువు వలన లెక్క కొంత మారినను సూత్రము మారదు. నేలను హత్తుకొనిన రబ్బరు పెరిగిన కొలది దానిని నిలిచిన చోట త్రిప్పుట కష్టతరమగును. సన్నని టైర్లకు మారుగా వెడల్పైన టైర్లు వేసినను ఫలిత మిట్టిదే. అట్లని గాలిని మితిమీరి కొట్టరాదు. అపుడు టైరునకు రోడ్డుపై పట్టు తగ్గును. నిర్మాతల పుస్తకములోని కొలతయే ప్రమాణము.

గాలి సరిగా నున్నను బరువు తగ్గనిచో జాకీ పరీక్ష చేయవలెను. వెనుక చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, ముందుభాగమును జాకీతో లేపి, దృఢమైన స్టాండ్లపై నిలుపవలెను. జాకీ మాత్రమే ఆధారముగా నున్న బండి క్రింద ఎవ్వరును దూరరాదు. ఇపుడు స్టీరింగును రెండు కొసలవరకు త్రిప్పి చూడవలెను. తేలికగా తిరిగినచో దోషము టైర్లలోనో చక్రముల వాలులోనో యున్నది. గాలిలో నుండియు బరువుగా తిరిగినచో దోషము కీళ్ళలో నున్నది. ఏ కీలో తెలియుటకు మెకానిక్కు టై రాడ్ కొసలను ఊడదీసి, చక్రములను వేరుగను, స్టీరింగును వేరుగను త్రిప్పును. చక్రము బిగువుగా నున్నచో దాని నిలువు పిన్నులు అపరాధులు. స్టీరింగు బిగువుగా నున్నచో దాని పండ్ల అమరికయో, నిలువు కడ్డీ బేరింగులో అపరాధులు. ఇట్లు రెండు పరీక్షలతో సందేహము నాలుగవ వంతునకు తగ్గును.

పాతకార్లలో పిన్నుల బిగువే తరచుగా కానవచ్చును. ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టనిదే రైతు ప్రయాణము కట్టడు. ఈ కార్ల పిన్నులకును అట్లే నియమిత కాలమున గ్రీజు ఎక్కించుటకు చిన్న నిప్పిళ్ళు అమర్చబడి యున్నవి. నేటి కార్లలో ఆ పని లేకపోవుటచే ఈ అలవాటు మరుగున పడినది. చక్రములు నేలపై నుండగా గ్రీజు కొట్టినచో, బరువు మోయు ముఖములు ఒకదానినొకటి నొక్కుకొని యుండుటచే కందెన వాని నడుమకు పోజాలదు. కావున బండిని లేపి, చక్రమును అటునిటు త్రిప్పుచు, నల్లని పాతగ్రీజు వెడలి క్రొత్తది కనబడువరకు ఎక్కింపవలెను. నిప్పిలు పూడుకొని పోయినచో దానిని మార్చవలెనే గాని, గ్రీజు పోలేదని విడిచిపెట్టరాదు.

పండ్ల అమరిక విషయములో వేరొక పొరపాటు జరుగుచుండును. ఫియట్ 1100 వంటి కార్లలో స్టీరింగు పెట్టె గలదు. బండి యెక్కువ కాలము తిన్నగానే పోవును గనుక పెట్టెలో నడిమి భాగము ముందుగా అరుగును. ఆ వదులును పోగొట్టుటకై మరను గట్టిగా బిగించినచో, నడుమ సరిపోయినను, అరుగని కొసలలో పట్టివేయును. అరిగిన భాగమునకు బిగింపు మందు కాదు, మార్పే మందు. అట్లే నూనె పోయవలసిన పెట్టెలో గ్రీజు కూరినచో, ఒకసారి ప్రక్కకు తొలగిన గ్రీజు తిరిగి పండ్లపైకి ప్రవహింపదు.

కీళ్ళన్నియు తేలికగా నున్నను బండి నేలపై బరువుగా నున్నచో చక్రముల వాలును కొలిపింపవలెను. సైకిలు ముందు ఫోర్కు కొంత వాలుగా నుండుటచేతనే చక్రము తిన్నగా నడచును. కారులోని ఇట్టి వాలునకు క్యాస్టరని పేరు. మలుపు తరువాత స్టీరింగును నడిమికి తెచ్చునది ప్రధానముగా ఇదియే. ఇది మించినచో స్టీరింగు బరువెక్కును. తగ్గినచో బండి నిలకడ చెడును. వెనుక కమాను పట్టీలు కుంగి బండి వెనుకకు వాలినపుడు క్యాస్టరు పెరుగును. రోగము ముందు కనబడుచున్నను, కారణము వెనుక నుండుట ఇందలి చిత్రము.

ఈ కాలమున విద్యుత్తు మోటారుతో స్టీరింగునకు సాయపడు సాధనములు పాతకార్లకును అమర్చుచున్నారు. భుజబలము తగ్గిన వృద్ధులకు అవి ఉపకారకములే. అయినను బండి నిర్మాణములో మార్పు చేయుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టములో నియమములు గలవని మరువరాదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి గలదు. బిగిసిన పిన్నును సరిచేయక మోటారును తగిలించినచో బరువు చేతికి తెలియదు; పిన్ను మాత్రము అరుగుచునే యుండును. హెచ్చరించు గొంతును నొక్కివేయుట చికిత్స కానేరదు. కష్టము ఎచ్చట పుట్టుచున్నదో కనుగొనిన తరువాతనే బలమును పెంచుట న్యాయము.

మన పాఠశాల విడిచి ఐ. టి. ఐ. లలో చేరదలచిన బాలురకును, బాలికలకును ఒక్క మాట. అచ్చట టై రాడ్, బేరింగ్, క్యాస్టర్ మున్నగు పేర్లు పరభాషలో వినబడును. పాఠము ఇంగ్లీషులోనో, రాష్ట్రభాషలోనో నడచును. ఆ పేర్లను చూచి జంకకుడు. తిరుగలియు, ఇరుసు కందెనయు, సైకిలు ఫోర్కును మీ రెరిగినవే. ఆ సూత్రములే అచ్చటను పనిచేయుచున్నవి. ఒక యంత్రము పనిచేయు విధమును తల్లిభాషలో తనకు తాను చెప్పుకొనగలవాడు ఏ భాషలోనైనను దానిని నేర్వగలడు.