ఇంగ్లిష్ దేశంలో మన ఇంగ్లిష్ టీచరమ్మ

- లోవర్ హట్ (న్యూజిలాండ్) నుంచి

విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్ అనగానే మనకు గుర్తొచ్చేది అమెరికా వాళ్లో, బ్రిటన్ వాళ్లో చైనాకు, కొరియాకు వెళ్లి పాఠాలు చెప్పడం. మరి మన జిల్లాలో బీఎడ్ చేసి, ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లు గ్రామర్ చెప్పిన తెలుగమ్మాయి, ఇంగ్లిషే మాతృభాషగా ఉన్న దేశానికి వచ్చి అక్కడి పిల్లలకు ఇంగ్లిష్ చెబితే? 'వాళ్ల భాష వాళ్లకే నేర్పుతారా' అని ఊళ్లో నవ్వారు. కానీ న్యూజిలాండ్‌లో అలాంటి మన టీచర్లు ఉన్నారు. మా ఇంట్లోనే ఒకరున్నారు... మా ఆవిడ.

నేను చదివింది సివిల్ డిప్లొమా, చేసేది బిల్డింగ్ సైట్‌లో సూపర్‌వైజర్ పని. టీచర్ల సంగతి నాకెందుకు అనుకోవచ్చు. ఆవిడ క్లాసులో నేర్చుకున్న ఒక అలవాటు నా సైట్‌లో బాగా పనికొచ్చింది. అది చెప్పాలనే ఈ వ్యాసం.

పరీక్ష తప్పదు

లోవర్ హట్ రాజధాని వెల్లింగ్టన్ పక్కనే ఉంటుంది. రైలెక్కితే అరగంటలోపే వచ్చేస్తాం. బ్రిటన్ నుంచి వలస వచ్చిన మొదటి ఓడల్లో ఒకటైన 'అరోరా' 1840 జనవరిలో ఆగింది ఇక్కడి పెటోని తీరంలోనే. ఆ తర్వాత వందేళ్లకు నైనై, తైతా పేటల్లో ప్రభుత్వం కార్మికుల కోసం వరసగా ఇళ్లు కట్టింది. ఇప్పుడు ఆ ఇళ్లల్లో మావోరీలు, సమోవా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు, శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు ఉంటున్నాయి. స్కూల్లో ఒక తరగతి గదిలోకి తొంగిచూస్తే ప్రపంచ పటం చూసినట్టే.

ఇక్కడ టీచర్ కావాలంటే మన డిగ్రీలు, బీఎడ్ ముందు ఎన్‌జెడ్‌క్యూఏ అనే సంస్థ లెక్క చూడాలి. తర్వాత టీచింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. పోలీసు క్లియరెన్సు కావాలి. ఆపైన ఇంగ్లిష్ వచ్చని రుజువు చేయాలి. 2019లో మా ఆవిడ రాసినప్పుడు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో నాలుగు విభాగాల్లోనూ ఏడేసి రావాలి. మొదటిసారి మూడింట్లో వచ్చి, రైటింగ్‌లో ఆరున్నర దగ్గర ఆగింది. ఎనిమిదేళ్లు పిల్లలకు ఎస్సేలు దిద్దిన మనిషికి ఎస్సేలోనే అర మార్కు తగ్గింది! ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

అప్పుడు ఒక సంగతి గుర్తుచేసి నవ్వించాను. మన హైదరాబాద్‌లో 1958లోనే ఇంగ్లిష్ బోధన కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు. సీఫెల్ అని పిలిచిన ఆ సంస్థ 2007 నుంచి ఇఫ్లూ సెంట్రల్ యూనివర్సిటీ. భారత ప్రభుత్వ పథకం కింద ఎన్నో దేశాల వాళ్లు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి అక్కడికి వస్తుంటారు. 'ప్రపంచం ఇంగ్లిష్ కోసం మన తార్నాక వస్తుంటే నువ్వు ఇక్కడ ఏడుస్తావేంటి' అన్నాను. రెండోసారి రాసింది, వచ్చింది. ఈ మధ్యలో పది నెలలు సూపర్ మార్కెట్‌లో రాత్రిపూట అరల్లో సరుకు సర్దింది. ఇది చిన్నతనం కాదు. ఇక్కడికొచ్చిన చాలామంది టీచర్లు, నర్సులు దాటిన మెట్టే.

స్కూల్లో ఒక రోజు

ఉద్యోగం కూడా ఒక్కసారిగా రాలేదు. మొదట రిలీవర్‌గా చేసింది, అంటే ఎవరైనా టీచర్ సెలవు పెడితే ఆ రోజుకు వెళ్లడం. పొద్దున్నే ఆరున్నరకు ఫోను మోగితే ఆ రోజు పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మన అడ్డా మీద కూలీ మేస్త్రీ కోసం చూసినట్టే. ఏడాది తిరిగాక ఒక స్కూల్లో స్థిరపడింది. కొత్త టీచర్లకు ఇక్కడ మామూలుగా రెండేళ్లపాటు ఒక సీనియర్ పక్కనుండి దారి చూపిస్తారు.

స్కూలు తొమ్మిదికి మొదలై మూడింటికి అయిపోతుంది. టీచరు మాత్రం ఎనిమిదింటికే అక్కడుండాలి. ఏడాదికి నాలుగు టర్ములు. ఫిబ్రవరి దగ్గర్లో చదువు మొదలు, డిసెంబరులో ముగింపు. మనకు చలికాలం అయ్యే క్రిస్మస్ ఇక్కడ ఎండాకాలం సెలవులు.

మొదట్లో ఆవిడకు అన్నీ వింతే. లోపలికెళ్తే పిల్లలు లేచి నిలబడరు. కొందరు చెప్పుల్లేకుండా వస్తారు, అది పేదరికం కాదు, అలవాటు. చిన్న పిల్లలు నేల మీద చాప పరుచుకుని చదువుతారు. బెత్తం ఊసే లేదు, స్కూల్లో పిల్లల్ని కొట్టడం 1990 నుంచి చట్టప్రకారం నిషేధం. పలకా బలపం పట్టించినట్టు అందరి చేతా ఒకే మాట పదిసార్లు పలికిస్తే, వెనక బెంచీ పిల్లాడు 'మిస్, వై?' అని అడుగుతాడు. మన దగ్గర అది ఎదురు చెప్పడం, ఇక్కడ అది పాఠం వినడం. ఈ ఒక్క తేడా అలవాటు కావడానికి ఆవిడకు రెండు టర్ములు పట్టింది.

వాన పడితే పిల్లలు మధ్యాహ్నమంతా గదిలోనే. గాలి వేస్తే గొడుగు నిలవదు. ఇక భూకంపం డ్రిల్లు. హట్ లోయ అంచునే పెద్ద ఫాల్టు పోతుంది కాబట్టి 'డ్రాప్, కవర్, హోల్డ్' అనగానే టీచరు సహా అందరూ బల్లల కిందికి దూరాలి. సముద్రం పక్కనున్న పెటోనిలో ఇంకో మాట కూడా నేర్పుతారు: 'లాంగ్ ఆర్ స్ట్రాంగ్, గెట్ గాన్'. భూమి ఎక్కువసేపు ఊగినా, గట్టిగా ఊగినా సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటుకు పరుగెత్తమని అర్థం. ఇక్కడ ఇంగ్లిష్ అంటే మార్కులే కాదు, ప్రాణం కూడా అని ఆవిడకు తెలిసింది అలాగే.

'ఙ' అక్షరానికి ఉద్యోగం దొరికింది

మొదటి నెలలో పిల్లలు ఆవిడ యాసను అనుకరించి నవ్వేవాళ్లు. నిజమే, మన నోటికి కొన్ని అలవాట్లున్నాయి. 'ఎగ్' అనాల్సిన చోట 'యెగ్' అంటాం. 'ఓన్లీ' అనాల్సిన చోట 'వోన్లీ' అంటాం. బస్సు, కారు, పెన్ను అని చివర 'ఉ' తగిలిస్తాం. మాటలోని అక్షరాలన్నీ ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లిష్‌లో ఒక అక్షరాన్ని నొక్కి మిగతావి తేల్చేస్తారు.

ఆవిడను నిలబెట్టింది మన ఓనమాలే. మావోరీ భాషలో ఐదు అచ్చులు, ఒక్కోదానికి హ్రస్వం, దీర్ఘం. అంటే మన అ-ఆ, ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ, ఒ-ఓ. వాళ్ల 'త' దాదాపు మన 'త', వాళ్ల 'ర' మన 'ర'. ఇంకో విశేషం, మనం క ఖ గ ఘ తర్వాత బట్టీ పట్టి జీవితంలో ఎప్పుడూ మాటకు మొదట వాడని 'ఙ' ఉంది చూశారూ, మావోరీలో అది మాట మొదట్లోనే వస్తుంది. వెల్లింగ్టన్ నుంచి మా ఊరికొచ్చే దారిలోని ఙౌరాఙా పేరులో అది రెండుసార్లుంది. చాలామంది తెల్లవాళ్లు దాన్ని 'న' అనేస్తారు. వైఫెటూ అనే పేట పేరులో చివరి దీర్ఘం మింగేస్తారు.

మా ఆవిడ హాజరు పిలిచేటప్పుడు ఒక మావోరీ పిల్లాడి పేరు 'ఙ'తో, దీర్ఘాలతో సరిగ్గా పలికింది. ఆ పిల్లాడు తలెత్తి చూసి, 'మిస్, మా నానమ్మ ఇలాగే పిలుస్తుంది' అన్నాడట. ఆ రోజు నుంచి ఆ క్లాసులో యాస గురించి నవ్వు ఆగింది. మావోరీ 1987 నుంచి ఈ దేశపు అధికార భాష. ప్రతి టీచరూ దాన్ని కొంతైనా నేర్చుకుని వాడాలని వృత్తి ప్రమాణాల్లోనే ఉంది. ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చినావిడకు గౌరవం తెచ్చింది తెలుగు నోటితో పలికిన మావోరీ పేరు.

వాళ్ల ఇంగ్లిష్, మన చెవి

మన యాస సంగతి అలా ఉంచితే, వాళ్ల యాస మనకు పెద్ద పరీక్ష. న్యూజిలాండ్ వాళ్లు 'పెన్' అంటే మనకు 'పిన్' అని వినిపిస్తుంది. 'టెన్' అంటే 'టిన్'. 'ఫిష్' కాస్తా 'ఫష్'. చాలామంది నోట 'చైర్', 'చీర్' ఒకేలా ఉంటాయి. టీ విరామం 'స్మోకో', మూలమీద కొట్టు 'డెయిరీ', గోడ ఫ్రేములో అడ్డం కొట్టే చెక్క 'డ్వాంగ్'. విందుకు పిలిచి 'బ్రింగ్ ఎ ప్లేట్' అంటే ఖాళీ ప్లేటు కాదు, ఏదైనా వండి పట్టుకు రమ్మని.

ఆవిడ వారానికి ఒక సాయంత్రం పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లిష్ చెబుతుంది. మయన్మార్, కొలంబియా, సిరియా నుంచి వచ్చినవాళ్లు వస్తారు. కొందరు ఆడవాళ్లు ఏ భాషలోనూ బడికి వెళ్లనివాళ్లు. అక్కడ పాఠం టెన్సులు కాదు. డాక్టరుతో నొప్పి ఎక్కడో చెప్పడం, 111కి ఫోను చేస్తే 'ఫైర్, అంబులెన్స్, పోలీస్'లో ఏది కావాలో చెప్పడం, ఇంటి చిరునామా తడుముకోకుండా చెప్పడం. అన్నిటికంటే ముందు నేర్పే వాక్యం మాత్రం ఒకటే: 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి.' ఆ ఒక్క మాట అనడానికే కొందరికి నెలలు పడుతుందంటుంది. సిగ్గు, భయం, పరాయి దేశం.

సైట్‌లో 'యెస్ బాస్'

ఆ మాట విన్నప్పుడు నాకు మా సైటే కళ్లముందు మెదిలింది. దుబాయ్‌లో ఆరేళ్లు చేసి వచ్చిన నిజామాబాద్ కుర్రాడు ఒకడు మా దగ్గర చేరాడు. పనిలో పులి. ఓ శుక్రవారం ఫోర్‌మన్ స్లాబు కింద ప్రాపుల్ని చూపించి గబగబా ఏదో చెప్పి వెళ్లాడు. వీడు 'యెస్ బాస్' అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏం చెప్పాడ్రా తమ్ముడూ?"

"ఆ చివరి ప్రాపు తీసెయ్యమన్నడన్నా."

ఫోర్‌మన్ అన్నది 'డోంట్ టేక్ దట్ వన్ అవుట్'. ముందున్న 'డోంట్' వాళ్ల నోట్లోనే కలిసిపోయింది, వీడి చెవికి మిగిలింది 'టేక్ దట్ వన్ అవుట్'. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉంది. చేయి పట్టుకుని ఆపాను కాబట్టి సరిపోయింది.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ అంది: "ఏమండీ, 'అర్థమైందా' అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. నా క్లాసులో ఆ ప్రశ్న అడగడమే మానేశాను. 'ఇప్పుడు నువ్వు ఏం చేయబోతున్నావో చెప్పు' అంటాను. వాళ్ల మాటల్లో వాళ్లు చెబితేగానీ మనకు తెలియదు."

సోమవారం నుంచి పొద్దున్న టూల్‌బాక్స్ మీటింగులో అదే పెట్టాం. చెప్పినవాడు చెప్పాక, విన్నవాడు తిరిగి చెప్పాలి. మనవాళ్లే కాదు, తెల్లవాళ్లూ చెప్పాలి. మొదట నవ్వుకున్నారు, ఇప్పుడు ఎవరైనా మరిచిపోతే ఫోర్‌మనే గుర్తుచేస్తాడు. ఇది మేం చేసే దయేమీ కాదు. ఇక్కడి 2015 నాటి భద్రతా చట్టం, దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం భద్రత సమాచారం పనివాడికి సులువుగా అర్థమయ్యేలా ఇవ్వాల్సింది యజమానే. ప్రమాదం ఉందని నమ్మడానికి సరైన కారణముంటే పని ఆపే హక్కు కూడా పనివాడికి ఉంది.

రావాలనుకునేవాళ్లకు

టీచర్లు: ముందుగా టీచింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ నిబంధన చూసుకోండి, స్కోర్లు, మినహాయింపులు మారుతుంటాయి. మీ సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు యూనివర్సిటీ నుంచి ముందే తెప్పించి పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా ఇల్లు గడవడానికి కొన్ని నెలల డబ్బు దగ్గరుండాలి.

పనివాళ్లు: 2024 ఏప్రిల్ నుంచి తక్కువ నైపుణ్య స్థాయిగా లెక్కించే పనుల వర్క్ వీసాకు కూడా కనీస ఇంగ్లిష్ అడుగుతున్నారు. ఐఈఎల్‌టీఎస్ అయితే నాలుగు. అది వీసా వరకే. సైట్‌లో పనికొచ్చే ఇంగ్లిష్ వేరు, అది వచ్చాకే నేర్చుకోవాలి. లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో క్లాసుల గురించి అడగండి.

ఇద్దరికీ: న్యూజిలాండ్ వర్క్ వీసా సలహా డబ్బు తీసుకుని ఇవ్వాలంటే లైసెన్సున్న అడ్వైజరో, ఇక్కడి లాయరో అయి ఉండాలి. అడ్వైజర్ల పేర్లు ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఊళ్లో ఏజెంటు మాట నమ్మే ముందు ఆ పేరు అందులో ఉందో లేదో చూడండి.

గల్ఫ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, ఇక్కడున్నా మనలో చాలామంది 'యెస్ సార్'తో రోజులు నెట్టుకొస్తుంటాం. రేపు పనిలో ఎవరైనా గబగబా ఏదైనా చెబితే తల ఊపకండి. "మళ్లీ చెప్పండి, నేను ఇలా చేయాలి, అంతేనా?" అని అడగండి. మీ యాస ఎలా ఉన్నా ఫరవాలేదు. అడిగినవాడిని చూసి నవ్వితే నవ్వనివ్వండి. సాయంత్రం క్షేమంగా గదికి చేరాలి, అంతే.