సైట్ పడిపోకముందే సర్వర్ చెప్పేస్తుంది.. వినేవాళ్లు ఉన్నారా? లాగ్ ఫైల్స్‌లో దాగి ఉన్న అసలు కథ ఇదే!

ఇంటర్ ఫలితాలు వచ్చేశాయని టీవీలో స్క్రోలింగ్ మొదలవుతుంది. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి బయటకొస్తాయి. హాల్ టికెట్ నంబర్ కొట్టి సబ్మిట్ నొక్కితే.. చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి తెల్లటి పేజీ మీద 502 అనో, 504 అనో ఓ అంకె కనిపిస్తుంది. పిల్లాడు పాసయ్యాడో లేదో తెలీదు కానీ, సర్వర్ ఫెయిలైందని మాత్రం తెలిసిపోతుంది. వెబ్ ఆప్షన్లు కావచ్చు, తత్కాల్ టికెట్లు కావచ్చు.. లక్షల మంది ఒకే నిమిషంలో వచ్చిపడే ఏ సైట్‌కైనా ఈ గండం ఉంటుంది.

"సర్వర్ డౌన్" అని అందరూ ఒక్క మాటతో తేల్చేస్తారు. కానీ ఉన్నట్టుండి కుప్పకూలే సర్వర్లు తక్కువ. చాలాసార్లు జ్వరం వచ్చే ముందు ఒళ్లు వెచ్చబడినట్టు, కొన్ని నిమిషాల ముందు నుంచే లక్షణాలు బయటపడుతుంటాయి. అవన్నీ రాసి ఉండే చోటే సర్వర్ లాగ్. ఇంతకీ అందులో ఏముంటుంది? దాన్ని చూసి తప్పుల్ని ముందే ఎలా పట్టుకుంటారు?

గేటు దగ్గర రిజిస్టర్ లాంటిదే!

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఓ రిజిస్టర్ పెట్టుకుంటాడు. ఎవరొచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏ ఫ్లాట్‌కి వెళ్లారు.. అన్నీ అందులో ఉంటాయి. వెబ్ సర్వర్ చేసేదీ అదే. అపాచీ, ఎంజిన్‌ఎక్స్ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్లు తమ దగ్గరికి వచ్చే ప్రతి రిక్వెస్ట్‌కి ఓ లైన్ రాస్తాయి. వచ్చినవారి ఐపీ అడ్రస్, టైమ్, అడిగిన పేజీ, పంపిన జవాబు తాలూకు కోడ్, దాని సైజు, ఏ లింక్ మీద నుంచి వచ్చారు, ఏ బ్రౌజర్ వాడారు.. ఇవన్నీ ఆ ఒక్క లైన్‌లోనే ఉంటాయి. ఓ పేజీలో 20 ఫొటోలుంటే వాటికి విడివిడిగా లైన్లు పడతాయి. ఇది యాక్సెస్ లాగ్. ఏదైనా తేడా కొడితే దానికి కారణం రాసుకునే ఎర్రర్ లాగ్ వేరే ఉంటుంది.

ఆ లైన్‌లో అసలు కీలకం మూడంకెల కోడ్. 2తో మొదలైతే పని జరిగినట్టే. 3తో మొదలైతే వేరే అడ్రస్‌కి పంపారని అర్థం. 4తో మొదలైతే సర్వర్ లెక్క ప్రకారం తేడా అడిగినవారి వైపు ఉంది. 5తో మొదలైతే మాత్రం తప్పు సైట్‌దే. 500 అంటే లోపల ప్రోగ్రామ్ తన్నేసింది. 502 అంటే ముందున్న సర్వర్‌కి వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు. 503 అంటే ఇప్పుడు సేవ అందించే స్థితిలో లేదు. 504 అంటే ఎదురుచూసి ఎదురుచూసి టైమ్ అయిపోయింది.

504 కనిపించిందంటే ఆలస్యమైనట్టే

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఎంజిన్‌ఎక్స్‌లో సెట్టింగ్ ఏమీ మార్చకపోతే, వెనకున్న అప్లికేషన్ నుంచి జవాబు కోసం 60 సెకన్లు ఆగి అప్పుడు 504 ఇస్తుంది. కానీ ఫోన్ పట్టుకున్న మనిషి 60 సెకన్లు ఆగుతాడా? మార్కుల కోసం చూస్తున్న విద్యార్థి అయితే అసలే ఆగడు. పది సెకన్లకే పేజీ మూసేస్తాడు, లేదా రిఫ్రెష్ కొడతాడు. అలా జవాబు రాకముందే అవతలి మనిషి వెళ్లిపోతే ఎంజిన్‌ఎక్స్ తన లాగ్‌లో 499 అని రాసుకుంటుంది. ఈ కోడ్ ఎవరి ఫోన్‌లోనూ కనిపించదు. లాగ్ చూసేవాళ్లకే తెలుస్తుంది.

అందుకే అనుభవం ఉన్న ఇంజినీర్లు 504ల కోసం కాచుక్కూర్చోరు. ఎప్పుడూ అరకొరగా కనిపించే 499లు ఒక్కసారిగా గుంపులుగా పడుతున్నాయంటే, జనం విసుగెత్తి వెళ్లిపోతున్నారని అర్థం. పైగా ప్రతి రిఫ్రెష్ ఓ కొత్త రిక్వెస్టే. చాలాచోట్ల పాత రిక్వెస్ట్ మీద డేటాబేస్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, కొత్తది దాని వెనకే క్యూలో చేరుతుంది. నిదానంగా ఉన్న సర్వర్ నిమిషాల్లో మొండికేయడానికి కారణం ఇదే. ఆ మొదటి గుంపు దగ్గరే పట్టుకుంటే అదనపు సర్వర్లు పెట్టడానికో, బరువైన ఫీచర్లు కాసేపు ఆపడానికో టైమ్ దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఒక్కో జవాబుకి ఎంత సమయం పట్టిందనేది ఎంజిన్‌ఎక్స్ మామూలు లాగ్ ఫార్మాట్‌లో ఉండదు. దాన్ని ప్రత్యేకంగా చేర్చుకోవాలి. ఒక లైన్ సెట్టింగ్‌తో అయిపోయే పని. అయినా ఆ పని చేయని సైట్లకు పేజీ 1 సెకన్ నుంచి 8 సెకన్లకు జారిపోయిన సంగతి జనం తిట్టేదాకా తెలీదు.

404 చూసి కంగారు పడాలా?

అక్కర్లేదు.. అన్నిసార్లూ కాదు. ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరిగే బాట్‌లు వర్డ్‌ప్రెస్ వాడని సైట్‌లో కూడా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందేమోనని తలుపు తడుతుంటాయి. వాటికి 404 వెళ్లడమే కరెక్ట్. చూడాల్సింది ఏ పేజీ కోసం వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు అనేది. సొంత హోమ్ పేజీ మీద లింక్ నొక్కి వచ్చినవాళ్లకే 404 పడుతోందంటే, ఇంట్లో మెట్టు విరిగినట్టే. సైట్ డిజైన్ మార్చిన మర్నాడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

అలాగే అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. లక్ష రిక్వెస్టుల్లో పది ఫెయిలవడం వేరు, అర్ధరాత్రి వచ్చిన నలభైలో పది ఫెయిలవడం వేరు. అందుకే ఐదు నిమిషాలకోసారి మొత్తంలో ఎంత శాతం 5తో మొదలైందో లెక్కగట్టి, గీత దాటితే డ్యూటీలో ఉన్నవారి ఫోన్ మోగేలా అలర్ట్ పెడతారు.

మోగింది.. ఎవరూ చూడలేదు!

అలర్ట్ పెడితే సరిపోదని చెప్పే ఘటన ఒకటుంది. ఇది వెబ్‌సైట్ కాదు, అమెరికా స్టాక్ మార్కెట్‌లో జరిగింది. నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీ ఓ సర్వర్‌లో కొత్త కోడ్ పెట్టడం మర్చిపోయింది. 2012 ఆగస్టు 1న ఉదయం 9:30కి మార్కెట్ తెరవకముందే సిస్టమ్ ఆ తప్పును ప్రస్తావిస్తూ ఏకంగా 97 మెయిల్స్ పంపింది. అవి అలర్ట్‌లుగా చూడాల్సిన మెయిల్స్ అని ఎవరూ అనుకోలేదు. మార్కెట్ తెరిచాక సుమారు 45 నిమిషాల్లో తప్పుడు ఆర్డర్లు పోటెత్తాయి. చివరికి నష్టం 46 కోట్ల డాలర్ల పైనే అని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది.

వెబ్‌సైట్ల విషయానికొస్తే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ కథ తెలిసిందే. 2013 అక్టోబర్ 1న మొదలై వెంటనే చతికిలపడింది. సాయం చేయడానికి వెళ్లిన ఇంజినీర్లకు మొదట తగిలిన షాక్, సైట్ ఎలా నడుస్తోందో ఒక్కచోట చూపించే డ్యాష్‌బోర్డే లేకపోవడం. ఎక్కడ నొప్పో తెలిశాకే మందు పనిచేసింది. రెండు నెలల్లో ఎర్రర్ శాతం 6 నుంచి 1 లోపుకి వచ్చింది.

లాగ్ చెప్పనివీ ఉన్నాయ్

లాగ్ క్లీన్‌గా ఉందంటే అంతా బాగుందని కాదు. సైట్ పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్‌లోనే సమస్య ఉంటే రిక్వెస్ట్ సర్వర్ దాకా రాదు, లైన్ పడదు. ఎర్రర్లు సున్నా.. విజిటర్లూ సున్నా! కొన్ని సైట్లు పేజీలో "క్షమించండి, సమస్య వచ్చింది" అని చూపిస్తూనే లోపల 200 కోడ్ పంపిస్తాయి. లాగ్ దృష్టిలో అది సక్సెస్. అందుకే మామూలుగా రావాల్సిన ట్రాఫిక్ తగ్గినా అలర్ట్ మోగాలి. ఒక్కోసారి లాగ్ ఫైలే పెరిగి పెరిగి డిస్క్ నింపేసి సైట్‌ని పడగొడుతుంది. పాత ఫైళ్లను రోజూ కుదించి పక్కన పెట్టే ఏర్పాటు లేకపోతే కాపలాదారుడే దొంగైనట్టు!

లాగ్‌లో ఏం రాయకూడదో కూడా చూసుకోవాలి. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. కారణం, ఓ బగ్ వల్ల పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో లోపలి లాగ్‌లో పడిపోయాయి. హాల్ టికెట్ నంబర్, పుట్టినతేదీ లింక్‌లోనే కనిపించే సైట్లలో కూడా ఆ వివరాలు యథాతథంగా లాగ్‌లోకి వెళ్తాయి. మరోవైపు ఎప్పుడుపడితే అప్పుడు చెరిపేయడానికీ లేదు. సైబర్ దాడుల దర్యాప్తు కోసం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది.

మీకు ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

"మీ సైట్ పనిచేయట్లేదు" అని మెసేజ్ పెడితే ఇంజినీర్ ఎక్కడని వెతకాలి? కోట్ల లైన్లలో మీ లైన్ దొరకాలంటే మూడు ముక్కలు కావాలి.. ఏ పేజీ, ఏ కోడ్, సరిగ్గా ఎన్నింటికి. స్క్రీన్‌షాట్ తీస్తే ఈ మూడూ చాలావరకు అందులోనే వచ్చేస్తాయి. టైమ్ మాత్రం తప్పకుండా రాయండి. చాలా సర్వర్లు అంతర్జాతీయ ప్రామాణిక సమయం మీద నడుస్తాయి. మీకు ఉదయం 11 అయితే అక్కడి లాగ్‌లో 5:30 అని ఉంటుంది. ఇక 429 కనిపిస్తే మీరు మరీ ఎక్కువసార్లు నొక్కేశారని సర్వర్ అంటున్నట్టు. అప్పుడు మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొట్టకుండా రెండు మూడు నిమిషాలు ఆగి ట్రై చేయండి.