ఒరుగులు: రంగు, సారము



పుష్య మాఘ మాసములలో మన సంతలకు వంగ, చిక్కుడు, మెంతికూర రాసులుగా వచ్చి పడును. కోతకూలియైన గిట్టని నాడు రైతు వానిని పశువులకు వేయును. వైశాఖము వచ్చుసరికి ఆ కూరలే ప్రియమగును. పేదయిండ్లలో పచ్చడి మెతుకులే గతియగును. ఇందులకే మన స్త్రీలు అనాదిగా ఒరుగులు పెట్టుచున్నారు. నేను చెప్పబోవునది క్రొత్తవిద్య కాదు. ఆ పాతవిద్యలోని యొక లోపమును, దానిని దిద్దుకొను తీరును మాత్రమే.

ఒరుగు నల్లబడిననేమి, తినుటకు పనికివచ్చును గదా యని కొందఱందురు. నేనట్లు తలపను. ఆకుకూరల పచ్చదనము చాటున కెరొటీన్ అను పసుపుపదార్థము దాగియుండును. మన శరీరము దానినుండి విటమిన్ ఏ ను చేసికొనును. అది చాలని పసిబిడ్డలకు రేచీకటి కలుగును. ముదిరినచో చూపే పోవును. నడియెండలో తెల్లబాఱిన మెంతికూరలో ఈ పదార్థము చాలవఱకు నశించియుండును. కావున రంగు కేవలము కంటికింపు కొఱకు కాదు.

రంగు చెడుట కొక కారణము కూరలోనే యున్నది. కోసిన పిమ్మటను దానిలోని ఎంజైములు తమ పని మానవు. తరిగిన వంకాయ గాలి సోకి నల్లబడుట వాని చేష్టయే. ఎండ వానిని త్వరగా అణపజాలదు. మరుగునీరు క్షణములలో అణచును. 1914–18 యుద్ధమున సైనికులకు పంపిన ఎండుకూరలు ఎండుగడ్డివలె వాసన కొట్టెడివి. వేడినీట ముంచకుండ ఎండించుటయే అందులకు ముఖ్యకారణము. 1939–45 యుద్ధము నాటికి ఈ లోపము సవరింపబడినది.

మన యిండ్లలో చేయదగినది సులభమే. లేతకూరను కోసిననాడే కడిగి, సమమైన మందమున తరుగవలెను. గోరుచిక్కుడు, క్యారట్టు ముక్కలను పలుచని గుడ్డలో మూటగట్టి, సలసల కాగు నీటిలో 2 మొదలు 4 నిమిషములు ముంచి, తీసి, వెంటనే చన్నీటిలో వేయవలెను. ఆకుకూరకు 1 నిమిషము చాలును. ఆవిరి పట్టించుట మఱియు మేలు. విటమిన్ సి నీటిపాలగుట తగ్గును. పచ్చదనము నిలుచునని సోడా వేయువారు కలరు. రంగు నిలుచును గాని ముక్క మెత్తబడును, విటమిన్ సి నశించును. నేనైతే సోడా జోలికే పోను. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు అసలే కూడవు. చల్లమిరపకాయల పచ్చదనము పోవుటకు మజ్జిగ పులుపు కారణమే గాని, వానిని ఆ రుచికొఱకే చేయుదుము గనుక అది దోషము కాదు.

ఇక ఎండబెట్టుట. తారురోడ్లపై పఱచు వాడుక మానవలెను. ధూళియు బండ్ల పొగయు కూరకు పట్టును. మంచముపై శుభ్రమైన గుడ్డ పఱచి పలుచగా పోయవలెను. క్రిందనుండియు గాలి తగులును. కాయముక్కలపై పలుచని గుడ్డ కప్పి ఎండనుంచవచ్చును. ఆకుకూరలను మాత్రము గాలియాడు నీడనే ఆరబెట్టవలెను. రోహిణి కార్తె యెండ మంచిదని తొందరపడరాదు. మొదటనే తీవ్రమైన వేడి తగిలిన ముక్క పైన గట్టిపడి లోన తడిగా నుండును. అదియే పిదప బూజునకు మూలము. ప్రొద్దుగూకక మునుపే లోనికి తేవలెను, లేకున్న మంచు పట్టును.

10 కిలోల పచ్చికూర సుమారు 1 కిలో ఒరుగగును. ముక్క వంగక పెళుక్కున విఱిగినచో ఎండినట్లు. చల్లారిన పిమ్మట గాజుజాడీలో పోసి, వారము దినములు దినమున కొకసారి కుదుపుచు చూడవలెను. జాడీ లోపల చెమ్మ కనబడిన మరల ఎండబెట్టవలెను. బూజు పట్టినదానిని మాత్రము పాఱవేయవలసినదే. మంచి ఒరుగులను గట్టిగా మూతవేసి చీకటిగదిలో దాచినచో శ్రావణపు ముసురులోను చెడవు. వండునపుడు కొంచెము నీటిలో గంటసేపు నానవైచి, ఆ నీటితోనే ఉడికింపవలెను.