బిల్లు లేదా? సంతకం చాలు!

పన్నెండేళ్ల కిందట తాగేసిన కూల్‌డ్రింక్ డబ్బా బిల్లును ఎవరు దాచుకుంటారు? 2014లో అమెరికాలో రెడ్‌బుల్ కంపెనీ కూడా దాన్ని అడగలేదు. ‘రెక్కలొస్తాయి’ అంటూ లేనిపోని ఆశలు పెట్టిందని వినియోగదారులు దావా వేశారు. తప్పేమీ చేయలేదంటూనే కంపెనీ కోటీ 30 లక్షల డాలర్లకు రాజీపడింది. 2002 నుంచి అప్పటిదాకా ఒక్క డబ్బా కొన్నా చాలు, ఫారం నింపితే 10 డాలర్ల నగదో 15 డాలర్ల సరుకో ఇస్తామంది. జనం ఎగబడ్డారు. చెక్కులు వచ్చేసరికి ఆ మొత్తం బాగా తగ్గిపోయింది.

అక్కడ దీన్ని క్లాస్ యాక్షన్ అంటారు. రెండు డాలర్ల వస్తువు కోసం ఎవరూ ఒంటరిగా కోర్టుకెక్కరు. అందుకే ఒకరిద్దరు ముందుకొచ్చి, నష్టపోయిన అందరి తరఫునా దావా నడుపుతారు. చాలావరకు కేసులు తీర్పుదాకా వెళ్లకుండా రాజీతో ముగుస్తాయి. ఆ రాజీని జడ్జి ఆమోదించాలి. గడువులోగా ‘నేను తప్పుకొంటున్నా’ అని రాసివ్వనివాళ్లు అందులో ఉన్నట్టే లెక్క. వాళ్లు క్లెయిమ్ పెట్టకపోతే డబ్బూ రాదు, మళ్లీ అదే విషయమై దావా వేసే హక్కూ ఉండదు.

కోర్టుల్లోనూ పేచీ

బిల్లు లేకుండా కొన్నట్టు నమ్మడమెలా? దీనిపై జడ్జీలే రెండుగా చీలారు. బరువు తగ్గిస్తుందంటూ బేయర్ అమ్మిన విటమిన్ మాత్రల కేసులో, కొన్నామన్న మాట ఒక్కటే చాలదని ఫిలడెల్ఫియాలోని అప్పీళ్ల కోర్టు 2013లో చెప్పింది. షికాగో అప్పీళ్ల కోర్టు 2015లో, శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు 2017లో ఆ వాదనతో విభేదించాయి. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. బిల్లు ఉంటేనే దావా అంటే, చిల్లర సరుకులమ్మే కంపెనీలను అడిగేవాడే ఉండడు.

నమ్మకానికీ ఖరీదుంది. డబ్బాల్లో ట్యూనా చేప తక్కువగా నింపారన్న కేసులో స్టార్‌కిస్ట్ 25 డాలర్ల నగదో 50 డాలర్ల కూపన్లో ఇస్తామంది. 20 లక్షలకు పైగా క్లెయిములు వచ్చిపడ్డాయి. నగదు కోరినవారి వాటాకు దాదాపు 2 డాలర్లే మిగిలింది!

వెసన్ వంటనూనెది ఇంకో కథ. రాజీ కింద సీసాకు 15 సెంట్లు, బిల్లు లేకుంటే ఇంటికి 30 సీసాల దాకా అన్నారు. అంటే గరిష్ఠంగా నాలుగున్నర డాలర్లు. అడిగినవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. కొన్నవాళ్లకు పది లక్షల డాలర్లయినా దక్కకుండా లాయర్లకు 70 లక్షల దాకా వెళ్లే ఆ ఒప్పందాన్ని 2021లో అప్పీళ్ల కోర్టు తిప్పికొట్టింది. సాధారణంగానూ క్లెయిమ్ పెట్టేవాళ్లు తక్కువే. నోటీసు అందినవారిలో సగటున నూటికి నలుగురేనని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో తేల్చింది.

ఆ ఒక్క గడి

క్లెయిమ్ ఫారం సాధారణంగా ఒకట్రెండు పేజీలే. పేరు, చిరునామా, ఏ వస్తువు, ఎన్ని, ఏ కాలంలో కొన్నారు, డబ్బు చెక్కుగానా, పేపాల్‌లోనా. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం, పక్కన టిక్కు పెట్టే గడి: ‘ఇందులోవన్నీ నిజాలే, అబద్ధమైతే శిక్షకు బాధ్యుణ్ని’. బిల్లు స్థానంలో నిలబడేది ఆ గడే. ఆపిల్ వాయిస్ అసిస్టెంట్ సిరి గుట్టుగా మాటలు విన్నదన్న కేసులో ఆ కంపెనీ 9.5 కోట్ల డాలర్లకు రాజీపడినప్పుడూ పరికరానికి 20 డాలర్ల దాకా, ఐదింటి వరకూ ప్రమాణం చేయించుకునే అడగనిచ్చారు.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండే తెలుగువాళ్లకూ ఇలాంటి కేసుల నోటీసులు మెయిళ్లలో వస్తుంటాయి. ఎక్కడ, ఎప్పుడు కొన్నారన్నదే సాధారణంగా అర్హత, పౌరసత్వం కాదు. మోసమనుకుని చెరిపేసేవాళ్లు కొందరైతే, కొననివాటికీ టిక్కు కొట్టేసేవాళ్లు ఇంకొందరు. రెండోది నేరం. అసలు నోటీసులో కోర్టు పేరు, కేసు నంబరు, గడువు ఉంటాయి. ఆ నంబరు నిజమైనదో కాదో కోర్టు రికార్డుల్లో సరిచూసుకోండి. క్లెయిమ్ పెట్టడానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా ఫీజు అడిగితే అక్కడితో ఆపేయండి.