బ్రేకు ముందే చెబుతుంది, వినేవాడు కావాలి

మిరప కోతలు, పత్తి తీతలు మొదలయ్యాయంటే కూలీల ప్రమాద వార్తలు కూడా మొదలవుతాయి. "కూలీల వాహనం బోల్తా" అని శీర్షిక. చివర్లో ఒక్క వాక్యం: "బ్రేకులు ఫెయిలవడమే కారణమని తెలిసింది." అక్కడితో వార్త అయిపోతుంది. కేసు డ్రైవరు మీద పడుతుంది. ఆ డ్రైవరు కూడా చాలాసార్లు రోజు బత్తాకు బండెక్కిన కూలివాడే. బ్రేకు ఎందుకు ఫెయిలయింది, ఎన్నాళ్ల నుంచి నలతగా ఉంది, బాగుచేయించాల్సింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలూ ఎవరూ అడగరు.

పాత జీపుల్లో సంఘం పనుల మీద తిరిగీ, షెడ్లలో మెకానిక్కుల పక్కన గంటలకొద్దీ కూర్చునీ మేము తెలుసుకున్నది ఒకటుంది. బ్రేకు ఉన్నట్టుండి పోవడం అరుదు. చాలావరకు రోజుల ముందు నుంచే చెబుతూ ఉంటుంది.

ఒకే సిలిండరు, నాలుగు చక్రాలు

జీపు యుద్ధంలో పుట్టిన బండి. 1941 నుంచి విల్లీస్ కంపెనీ అమెరికా సైన్యానికి వీటిని చేసి ఇచ్చింది. పావు టన్ను బరువు మోయడానికని లెక్కకట్టి చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికే మన దేశంలో మహీంద్రా కంపెనీ ఆ రకం జీపుల పని మొదలుపెట్టింది. వాటి సంతతే పాడేరు, అరకు ఘాట్లలో సర్వీసు జీపులుగా తిరిగింది, మన చేల గట్ల దాకా వచ్చింది.

ఈ పాత రకం బండిలో బ్రేకు పనిచేసే తీరు తేలికే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరులోని బ్రేక్ ఆయిల్ పైపుల గుండా నాలుగు చక్రాలకూ వెళుతుంది. అక్కడి చిన్న సిలిండర్లు బ్రేక్ షూలను డ్రమ్ముకు అదిమిపెడతాయి. చక్రం ఆగుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, నాలుగు చక్రాలకూ దారి ఒక్కటే. ఊరి ట్యాంకు నుంచి వచ్చే పెద్ద గొట్టం పగిలితే అన్ని వీధుల కుళాయిలూ ఎండిపోయినట్టు, ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారిపోయినా నాలుగు బ్రేకులూ పోతాయి. తర్వాత వచ్చిన బండ్లలో దీన్ని రెండు లైన్లుగా విడగొట్టారు. పాతవాటికి ఆ రక్షణ లేదు.

పైగా మాస్టర్ సిలిండరు ఉండేది డ్రైవరు కాళ్ల కింద, నేల రేకుకు దిగువన. ఎప్పుడూ బురదలో ఉంటుంది. కంటికి కనిపించదు గనుక మూత తీసి ఆయిల్ చూసేవాడే ఉండడు.

పెడల్ చెప్పే మాటలు

పెడల్ స్పాంజిలా మెత్తగా దిగి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతోందా? లైనులో గాలి చేరింది. మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి, ఒక్కో చక్రం దగ్గరా గాలి తీయాలి. గాలి ఎలా వచ్చిందో చూడకుండా తీసి ఊరుకుంటే వారానికి మళ్లీ అదే కథ.

మెత్తదనం లేదు గానీ మొదటి తొక్కులో పెడల్ చాలా లోతుకు పోతోందా? లైనింగు అరిగి, షూకూ డ్రమ్ముకూ ఎడం పెరిగింది. అడ్జస్టు చేయాలి, అరిగిపోతే మార్చాలి.

బండి నిలిపి, పెడల్ గట్టిగా తొక్కి నిమిషం సేపు అలాగే పట్టి ఉంచండి. మెల్లగా కిందికి జారుతోందంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది. చక్రాల లోపలి వైపు తడిగా ఉంటే అక్కడి సిలిండరు. పైన ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండరులోని రబ్బరు కప్పు. బండి మొత్తంలో చవకైన సామాన్లలో ఈ రబ్బరు కప్పులు ఒకటి. ప్రాణాలు వేలాడేది వాటి మీదే.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా? ఒక చక్రం లైనింగు మీద ఆయిలో గ్రీజో పడి ఉండొచ్చు. పెట్రోలుతో కడిగి బిగిస్తే నాలుగు రోజులు మాత్రమే ముచ్చట. కారేచోట సీలు మార్చాలి, లైనింగు కూడా మార్చాలి.

డ్రమ్ము కాలిపోతూ చక్రం పట్టేస్తోందా? పెడల్ పైభాగాన అర అంగుళం వదులు ఉందో లేదో చూడాలి. వదులు లేకపోతే వెళ్లిన ఆయిల్ వెనక్కి రాదు.

ఇంకొకటి. బ్రేక్ ఆయిల్ లేదని ఇంజనాయిలో డీజిలో పోసే పనికి ఎన్నడూ దిగరాదు. రబ్బరు ఉబ్బి మొత్తం బిగుసుకుపోతుంది. అలాగే డ్రమ్ములోని దుమ్మును గాలిపైపుతో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులను తినేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. షెడ్లో స్పానర్లు అందించే కుర్రవాడి ఊపిరి కూడా ఊపిరే గదా!

బరువు లెక్క, వాలు లెక్క

పావు టన్ను అంటే ఇంచుమించు 250 కిలోలు. మనిషికి 50 కిలోలు వేసుకున్నా 14 మంది కూలీలు 700 కిలోలు. క్యారేజీలు, సంచులు అదనం. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక బండి ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలి. నిండు బండితో న్యూట్రల్లో వాలు దిగితే ఆ భారమంతా నాలుగు చక్రాల షూల మీదే పడుతుంది. అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు. చెరువు కాలవ దాటాక, తడిసిన షూలు ఆరేదాకా పెడల్ మీద లైటుగా కాలు ఆనించి కొంతదూరం నిదానంగా నడపాలి.

ఈ రకం జీపుల్లో హ్యాండ్ బ్రేకుకు ఆయిల్‌తో పనిలేదు. గేరుబాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. పెడల్ మోసం చేసిన రోజున మిగిలే ఆఖరి దిక్కు అదే. మరి పనిచేసే హ్యాండ్ బ్రేకు ఎన్ని బండ్లలో ఉంది?

ఎవరు చూడాలి?

స్వంత బండిగా రిజిస్టరయిన జీపులో కిరాయికి జనాన్ని ఎక్కించడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం చెల్లదు. కిరాయి బండికి పర్మిటు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలి. ఇవి లేకుండా ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర ఇన్సూరెన్సు వాళ్లు మెలిక పెడతారు. ఆ మెలికకు నలిగేది కూలి కుటుంబమే.

"బ్రేకు బాగాలేదు, నేనెక్కను" అని ఒక్క మనిషి అంటే ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. మేస్త్రీ ఇంకొకరిని ఎక్కించుకుంటాడు. అదే మాట ముఠా అంతా కలిసి అంటే బండి షెడ్డుకు వెళ్లక తప్పదు. కాబట్టి పనికి ఒప్పుకునేటప్పుడే కూలి రేటుతో పాటు బండి సంగతీ తేల్చుకోవాలి: ఎంతమందిని ఎక్కిస్తారు, బ్రేకు ఎప్పుడు చూపించారు, రిపేరుకు ఆగిన రోజు డ్రైవరు బత్తా, మన కూలి ఎవరిస్తారు.

పొద్దున ఎక్కబోయే ముందు చక్రాల లోపల తడి చూడటానికి, డ్రైవరు చేత ఒక నిమిషం పెడల్ తొక్కించడానికి, వాలు మీద హ్యాండ్ బ్రేకు లాగించడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి. డ్రైవరు మనకు శత్రువు కాడు. ఆ జీపులో ముందు సీట్లో కూర్చునేది అతనే.