చీకటి దారికి నమ్మకమైన టార్చి

పగటిపూట కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడ ఎంత చల్లగా ఉంటుందో, రాత్రిపూట ఆ చెట్ల కింద చీకటి అంత చిక్కగా ఉంటుంది. ఉద్దానంలో పుట్టి పెరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పలాస-కాశీబుగ్గ, టెక్కలి బజార్లలో వీధి దీపాలు వెలుగుతాయి. బజారు దాటి సందులోకో, తోట దారిలోకో మళ్లితే మళ్లీ చీకటే. ఫజర్ నమాజుకు బయలుదేరే పెద్దలు, ఇషా ముగించుకుని వచ్చే యువకులు, రంజాన్‌లో తరావీహ్ అయ్యాక ఇల్లు చేరే కుటుంబాలు, తెల్లవారకముందే రైలుకో బస్సుకో పరుగెత్తే కూలీలు, వేటకు పోయే మత్స్యకారులు... అందరూ ఆ చీకట్లోనే నడవాలి. అందుకే ప్రతి ఇంట్లో తలుపు పక్కన ఉండవలసిన ఒక చిన్న వస్తువు గురించి ఈ వారం చెప్పదలిచాం. అది టార్చిలైటు.

టార్చిలైటు గురించి రాయడానికి ఏముందని కొందరికి అనిపించవచ్చు. దాని వెనుక ప్రాణాల సంగతి ఉంది.

కాలి కింద పొంచి ఉన్నది

2000 నుంచి 2019 వరకు 20 ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు 2020లో అంచనా కట్టారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఈ మరణాలు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవారిలో అత్యధికులు పల్లెవాసులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో పాముకాటును, ప్రభుత్వాలు తగినంత శ్రద్ధ చూపని ఉష్ణదేశపు జబ్బుల జాబితాలో చేర్చింది.

ఈ విషయంలో ఉద్దానం వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనందరికీ తెలుసు. ఇప్పటికే కిడ్నీలు నీరసించిన మనిషిని రక్తపింజర కాటేస్తే ఆ ముప్పు ఇంకెంత పెరుగుతుందో వేరే చెప్పాలా? ఈ పాము రంగు ఎండుటాకుల్లో కలిసిపోతుంది. రెండడుగుల దూరంలో ఉన్నా చీకట్లో కనిపించదు. ఎక్కువ మంది దాన్ని తెలియక తొక్కే కాటుకు గురవుతారు. అడుగు వేసే చోట వెలుగు పడితే ఆ కాటు తప్పిపోయే అవకాశం ఎంతో ఉంది.

ఇక ఎలుగుబంట్లు. జీడిపండు, పనసపండు కోసం అవి తోటల్లోకి రావడం ఉద్దానంలో కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వద్ద ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. మనిషి హఠాత్తుగా ఎదురుపడినప్పుడు ఎలుగుబంటి బెదిరి మీద పడుతుంది. వెలుగుతో, నలుగురు కలిసి మాట్లాడుకుంటూ నడిస్తే దానికి మన రాక ముందే తెలుస్తుంది, తప్పుకుంటుంది.

సెల్‌ఫోన్ ఉందిగా?

ఈ రోజుల్లో చాలామంది ఈ మాటే అంటారు. నిజమే, ఫోన్‌లో లైటు ఉంది. రెండు నిమిషాల పనికి అది చాలు. కాని రోజూ నడిచే దారికి దాన్ని నమ్ముకోవద్దని మా సలహా. ఫోన్ లైటు దగ్గర చోటునే వెలిగిస్తుంది, నాలుగడుగుల అవతల మసకబారుతుంది. వానలో తడిస్తే ఫోన్ పాడవుతుంది, చేయి జారితే అద్దం పగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆపద వచ్చినప్పుడు 108కి ఫోన్ చేయాలంటే అందులో చార్జింగ్ మిగిలి ఉండాలి. దారి చూపడానికి టార్చి, కబురు చెప్పడానికి ఫోన్. రెండు పనులూ ఒకదాని మీద వేస్తే అవసరానికి రెండూ చేయి ఇస్తాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

దుకాణానికి వెళితే రకరకాల టార్చీలు కనిపిస్తాయి. కిలోమీటరు దూరం పడుతుందని ఒకటి, అయిదు రకాలుగా వెలుగుతుందని మరొకటి. మన అవసరం కిలోమీటరు అవతల ఉన్న చెట్టును చూడడం కాదు, కాలి ముందున్న పదడుగుల నేలను చూడడం. అందుకు ఈ నాలుగు సంగతులు గమనిస్తే చాలు.

మొదటిది స్విచ్చి. ఒకసారి నొక్కితే వెలగాలి, మరోసారి నొక్కితే ఆరాలి. తెల్లవారుజామున నిద్రమత్తులో లేచిన దాదీమాకు చేతి తడుములాటలోనే స్విచ్చి దొరకాలి. మూడుసార్లు నొక్కితే మసక వెలుగు, నాలుగుసార్లు నొక్కితే మిణుకుమిణుకు అనే టార్చీలు యువకులకు సరదా, ముసలివారికి తలనొప్పి. దుకాణంలోనే స్విచ్చిని ఇరవైసార్లు వేసి ఆర్పండి. వెలుగుతున్నప్పుడు మెల్లగా ఊపండి. రెపరెపలాడితే లోపల బిగువు లేదని అర్థం. దాన్ని వదిలేయండి.

రెండవది వెలుగు తీరు. దుకాణంలో చీకటి మూల చూసి గోడ మీద వేసి చూడండి. మధ్యలో చిన్న చుక్కలా మెరిసి చుట్టూ చీకటిగా ఉంటే అది నడకకు పనికిరాదు. మధ్యలో వెలుగు, చుట్టూ వెడల్పుగా పలుచటి వెలుగు ఉంటే దారి, దారి అంచు రెండూ కనిపిస్తాయి. పెట్టె మీద ల్యూమెన్లు అని రాసి ఉంటే అది వెలుగు కొలత. నడకకు 30 నుంచి 50 ల్యూమెన్లు చాలు, తోట దారికి 100 ఉంటే మరీ మంచిది. అంతకు మించినది కళ్లను చెదరగొడుతుంది, సెల్లులను త్వరగా తినేస్తుంది.

మూడవది బల్బు. వెనుకటి తీగ బల్బులు కరెంటులో ఎక్కువ భాగం వేడిగా వృథా చేసేవి. ఎల్‌ఈడీ వచ్చాక అవే సెల్లులతో ఎన్నో రెట్లు ఎక్కువ గంటలు వెలుగు దొరుకుతోంది. తెల్లని ఎల్‌ఈడీ దీపాలకు దారి తీసిన నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు కొనేవారు ఎల్‌ఈడీ టార్చినే కొనాలి.

నాలుగవది ఒంటి దిట్టతనం. మన తీరంలో ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. ఇనుప రేకు టార్చి కంటే గట్టి ప్లాస్టిక్కుదో, అల్యూమినియందో మేలు. మూత దగ్గర రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. అది ఉంటే వాన చినుకులు లోపలికి దిగవు.

తుఫాను నేర్పిన పాఠం

చార్జింగు టార్చీ మేలా, సెల్లుల టార్చీ మేలా అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామునే మనకు దొరికింది. ఆ రోజు తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. ఎన్నో పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. కరెంటు లేనప్పుడు చార్జింగు టార్చి ఎన్నాళ్లు వెలుగుతుంది? సరిగ్గా అవసరమైన రోజుల్లోనే అది మూగబోతుంది.

చార్జింగు టార్చీలకు మరో బలహీనత ఉంది. చౌక రకాల్లో సీసం బ్యాటరీ ఉంటుంది. దాన్ని చార్జి చేయకుండా నెలల తరబడి మూలన పడేస్తే మళ్లీ కోలుకోదు. చాలా వాటిలో బ్యాటరీని మార్చే వీలు కూడా ఉండదు. సెల్లుల టార్చి అలా కాదు. పెద్ద సెల్లులైనా పెన్సిల్ సెల్లులైనా ఊళ్లోని కిరాణా కొట్లో దొరుకుతాయి. రెండు మార్చి వేస్తే మళ్లీ వెలుగు. ఇంటికి ఒకటే కొనగలిగితే సెల్లులదే కొనండి. రెండవది కొనే స్తోమత ఉంటే చార్జింగుది పెట్టుకోండి, నెలకొకసారి తప్పక చార్జి చేయండి.

ఇంట్లో వాడుకొనే పద్ధతి

సెల్లులు వేసేటప్పుడు పాతది ఒకటి, కొత్తది ఒకటి కలపకండి. కొత్తది పాతదాన్ని మోయలేక త్వరగా నీరసిస్తుంది, పాతది కారి టార్చిని తినేస్తుంది. నెలల తరబడి వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టండి. నెలకొకసారి మూత విప్పి స్ప్రింగును, సెల్లుల కొనలను పొడిగుడ్డతో తుడవండి. ఉప్పుగాలి చేసే కీడు అక్కడే మొదలవుతుంది.

టార్చికి ఒకే చోటు ఉండాలి. తలుపు పక్కన మేకుకు తగిలిస్తే మంచిది. పిల్లలు ఆటకు తీసుకుంటే తిరిగి అక్కడే పెట్టేలా అలవాటు చేయండి. నేల మీద పడుకునేవారు తలాపిన కూడా ఒకటి పెట్టుకోవాలి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నిద్రలో కాటేస్తుంది. ఆ కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. దోమతెర, మంచం, టార్చి మూడూ దానికి విరుగుడు.

నడిచేటప్పుడు టార్చిని నడుము కింద పట్టుకుని వెలుగును ఏటవాలుగా నేల మీద వేయండి. అప్పుడు నేల మీది వస్తువుల నీడలు సాగి స్పష్టంగా కనిపిస్తాయి. చేతికర్రతో నేలను తట్టుతూ వెళ్లండి. ఆ అదురుకు పాము తప్పుకుంటుంది. కాళ్లకు చెప్పులకన్నా బూట్లు మేలు. గుంపుగా వెళ్లినప్పుడు ముందున్నవారి చేతిలో ఒకటి, చివరివారి చేతిలో ఒకటి ఉండాలి. ఎదురు వచ్చేవారి ముఖం మీద వెలుగు వేయకపోవడం మర్యాద.

జాతీయ రహదారి 16 అంచున నడిచేవారు ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపు నడవాలి. నల్ల బురఖా, ముదురు రంగు దుస్తులు రాత్రి డ్రైవర్లకు కనిపించవు. అలాంటప్పుడు చేతిలోని టార్చి మనం చూడడానికే కాదు, మనం ఇతరులకు కనిపించడానికి కూడా.

కాటు పడితే

ఎంత జాగ్రత్త పడినా ఆపద రావచ్చు. కరిచిన చోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. మంత్రాలకూ పసరులకూ సమయం పోగొట్టవద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలిని లేదా చేతిని కదలకుండా కర్ర ఆసరాతో ఉంచి, 108కి ఫోన్ చేసి, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే ఇంజెక్షను విరుగుడు. ఎంత త్వరగా పడితే అంత మేలు.

దివ్య ఖుర్‌ఆన్‌లో 'అల్ మావూన్' అనే సూరా ఉంది. ఇరుగుపొరుగుకు చిన్న చిన్న వస్తువులు ఇవ్వడానికి కూడా చేతులు రానివారిని అది గర్హిస్తుంది. ఒక టార్చి అలాంటి చిన్న వస్తువే. ఈ జుమాకు మస్జిద్ కమిటీలవారు ఒక మాట ఆలోచించాలని మా కోరిక. మస్జిద్ గుమ్మం దగ్గర రెండు మూడు టార్చీలు తగిలించి ఉంచితే, ఇషా తర్వాత చీకటి దారిన వెళ్లే పెద్దాయన ఒకటి పట్టుకెళ్లి ఫజర్‌కు తిరిగి తెస్తాడు. ఖర్చు పెద్దది కాదు. అలాగే మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఎవరైనా, ఏ మతంవారైనా, ఆమె ఇంట్లో టార్చి వెలుగుతోందో లేదో ఒకసారి అడిగి చూడండి. ఈ రోజు మగ్రిబ్ కాకముందే మీ ఇంటి టార్చిని చేతిలోకి తీసుకుని స్విచ్చి నొక్కండి. వెలగకపోతే రేపటిదాకా ఆగకండి.