మూర్ఛమాత్రలూ, కడుపులోని బిడ్డా

పెండ్లిచూపులనాడు పిల్లకు మూర్ఛ వున్నదని చెప్పే ఇళ్లు మనలో తక్కువ. అరవదేశంలో స్థిరపడిన మనవాళ్లు దానిని వలిప్పు అన్నా, ఫిట్సు అన్నా, గుట్టు మాత్రం ఒకటే. తరచువచ్చే మూర్ఛను వివాహానికి అడ్డంకిగా హిందూ వివాహచట్టంలో 1976లో చేర్చారు, 1999లో తొలగించారు. చట్టం మారినా మన మనసులు మారలేదు కాబోలు, కొత్తకోడలు మందులచీటీని పెట్టె అడుగున దాచుకొనవలసి వస్తున్నది.

ఆ గుట్టువల్ల, గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడవలసిన సంగతి మరుగున పడిపోతున్నది. మూర్ఛకు వాడే మందులన్నీ ఒకటి కావు. సోడియం వాల్‌ప్రోయేట్ అనేది మూర్ఛను బాగా అణచే పాత మందు. కాని గర్భిణి వాడితే బిడ్డకు వెన్నులో లోపం, బుద్ధిమాంద్యం, ఆటిజం కలిగే అవకాశం హెచ్చు. ఆటిజమంటే పిచ్చి కాదు. మాట, చూపు, నలుగురితో మెలగడం ఆ పిల్లలలో వేరుదారిని ఎదుగుతవి.

డెన్మార్కులో 1996 మొదలు 2006 వరకు పుట్టిన ఆరున్నర లక్షలమంది పిల్లల లెక్కలు తీసి 2013లో ప్రకటించారు. మొత్తంమీద ఆటిజం వర్గపు లక్షణాలు రాగల అవకాశం నూటికి ఒకటిన్నర. తల్లి వాల్‌ప్రోయేట్ వాడిన పిల్లలలో నూటికి 4.4. అనగా సుమారు 3 రెట్లు. అయితే ఆ పిల్లలలో కూడా నూటికి 95 మందికి ఆటిజం లేదన్నమాట. భయపడే తల్లులకు ఈ రెండో లెక్క కూడా చెప్పాలి.

ఇది చదివి ఏ సోదరీ మాత్రలు హఠాత్తుగా మానరాదు. మానితే మూర్ఛ తిరగబెట్టి తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి రావచ్చు. లామోట్రిజిన్, లెవెటిరాసిటామ్ వంటి వేరు మందులున్నవి. అందరికీ అవి సరిపడకపోవచ్చు. మార్చేది డాక్టరే, అందుకు వ్యవధి కావాలి. బిడ్డ వెన్ను మూసుకొనేది మొదటి నాలుగు వారాలలోనే. నెలతప్పిందని తెలిసేసరికి ఆ గడువు దాటిపోతూ వుంటుంది. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ముందునుంచీ వాడమనడం అందుకే.

తిరువనంతపురం శ్రీచిత్ర వైద్యసంస్థలో మూర్ఛగల గర్భిణుల వివరాలు నమోదుచేయడం 1998లో ప్రారంభించారు. మూర్ఛ వున్న స్త్రీలలో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డలనే కంటున్నారు.

మగవారికీ ఒక మాట. తండ్రి బీజం నిలవడానికి ముందు మూడునెలలలో వాల్‌ప్రోయేట్ వాడినా బిడ్డ ఎదుగుదలలో చిక్కు రావచ్చుననే అనుమానంతో, ఐరోపా మందుల సంస్థ 2024 జనవరిలో జాగ్రత్త చెప్పింది. కాబట్టి అల్లుడిగారి మందులచీటీ కూడా ఒకసారి డాక్టరుకు చూపించవలసినదే.